కర్పూరం గెలిచిన పోటీ

ఎర్రమిట్ట అని ఒకటుంది. ఎక్కడుందని నన్నడక్కండి, కథల్లో ఊళ్ళకి బస్సులు వెళ్ళవు. మిట్ట చుట్టూ గొర్రెల మందలు, పక్కనే సుద్దవాగు, వాగు అవతల చిట్టడవి, ఆ అడవిలో నక్కలు. మనుషులు మాత్రం లేరు. అయితే ఇంకేం, అంతా సుఖమే అనుకునేరు! మనుషులకున్న జబ్బులన్నీ అక్కడా ఉన్నాయి. పరువు జబ్బు మరీను.

మందకి కుక్క కాపలా, కుక్కకి మంద పాలు. ఇదీ అక్కడి ఒప్పందం. తాతల నాటి నుంచీ నడుస్తోంది.

కుక్కల్లో తెల్లకుక్కల ఇల్లు గొప్పది. ఒంటి మీద మచ్చన్నది ఉండదు. సన్నటి నడుము, పొడుగు కాళ్ళు, గులాబీ రంగు ముక్కు. ఆ ఇంటికి పెద్ద పాలవెల్లి. వయసు మళ్ళింది గానీ టెక్కు మళ్ళలేదు. ఆవిడ వస్తుంటే దారే పక్కకి తప్పుకోవాలన్నట్టు నడిచేది. ఆవిడకి ఒక్కడే కొడుకు, కర్పూరం. ఎంత అందగాడంటే వాణ్ణి చూడ్డానికి పక్క మందల గొర్రెలు మేత మానేసి వచ్చేవి. అంత అందగాడికీ పుట్టు చెవుడు.

ఆ సంగతి తల్లికి ఒక్కదానికే తెలుసు. వాడు పసికూనగా ఉన్నప్పుడు మిట్ట మీద పిడుగు పడింది. గొర్రెపిల్లలన్నీ తల్లుల పొట్టల కింద దూరి వణికిపోతుంటే వీడు కాళ్ళు చాపుకుని నిద్రపోతున్నాడు. పాలవెల్లికి సంగతి తెలిసిపోయింది. ఎందుకంటే ఆవిడ అన్నకీ అంతే. అమ్మమ్మ చెల్లెలికీ అంతే. ఆ ఇంట్లో తెలుపుతో పాటు చెవుడు కూడా దిగుతూ వస్తోంది. తెలుపు గురించి ఊరంతా చాటుకున్నారు గానీ చెవుడు గురించి ఎవరూ నోరు విప్పలేదు.

"కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది" అనుకుంది పాలవెల్లి. నోరు మూసుకుంది.

నోరు మూసుకుని తోకతో పని మొదలుపెట్టింది. తోక పైకెత్తితే రావాలి, కిందికి దించితే కూర్చోవాలి, పక్కకి ఊపితే వెళ్ళిపోవాలి. కర్పూరం తెలివైనవాడు, ఇట్టే పట్టేశాడు. ఎక్కడున్నా వాడి కళ్ళు అమ్మ తోక మీదే. ఇక మాటంటారా, చెవిన పడని మాట నోట్లోకెలా వస్తుంది? ఎవరైనా అడిగితే తల్లి దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది.

"మావాడు మితభాషి. పెద్దింటి బిడ్డ, ఊరికే నోరు పారేసుకోడు."

"పిలిస్తే తిరిగైనా చూడడేం వదినా?" అని గొర్రెల పెద్ద కొండమ్మ ఒకసారి అడిగింది.

"పిలవగానే పరిగెత్తుకురావడానికి వాడేమన్నా ఊరకుక్కా?"

కొండమ్మ నమ్మింది. నమ్మడమేమిటి, ముచ్చటపడింది! పెద్దింట్లో పుడితే లోపం కూడా లక్షణమే. అదే మనింట్లో పుట్టి ఉంటే పొగరనేవాళ్ళు.

ఏటా తొలకరికి ముందు మందలన్నీ మిట్ట దిగువకి చేరతాయి. అప్పుడు కుక్కల పోటీ పెడతారు. పోటీ పెద్ద బసవయ్య అనే ముసలి ఎద్దు. నెమ్మదస్తుడు. ఒక మాట చెప్పాలంటే ముందు కాస్త నెమరు వెయ్యాలి ఆయనకి. గెలిచిన కుక్కకి తంగేడుపూల దండ వేస్తారు. దండదేముంది, సాయంత్రానికి వాడిపోతుంది. దాని వెనక వచ్చేదే అసలు బహుమతి. ఆ ఏడాది మందలన్నీ గెలిచిన కుక్కతోనే వియ్యమందుతాయి. దాని పిల్లల్నే కాపలాకి పెట్టుకుంటాయి.

ఆ ఏడు పాలవెల్లి కొడుకుని బరిలోకి దింపింది. దింపకుండా ఉండాల్సింది. కానీ కాకిపిల్ల కాకికే ముద్దంటారే, ఈవిడది కాకిపిల్ల కూడా కాదు, ఊరంతా ముద్దనే పిల్లాడు. ఇంట్లో దాచుకోమంటే ఏ తల్లి దాచుకుంటుంది?

నడక పరీక్షలో కర్పూరానికి ఎదురు లేదు. రూపం సంగతి అడగనే అక్కర్లేదు. తర్వాత పిలుపు పరీక్ష. బసవయ్య పేరు పెట్టి పిలుస్తాడు, కుక్క వచ్చి ఆయన ముందు నిలబడాలి. పాలవెల్లి కొడుకుని చూసి మురిసిపోతున్న తల్లిలా వెళ్ళి బసవయ్య పక్కనే చతికిలబడింది.

"కర్పూరం! ఇలా రా నాయనా" అన్నాడు బసవయ్య.

తోక పైకి లేచింది. కర్పూరం వచ్చాడు. తొందర లేదు, తడబాటు లేదు.

"ఆహా, ఏం హుందాతనం!" అంది కొండమ్మ.

ఆ జనంలో గురవయ్య కూడా ఉన్నాడు. గురవయ్య అంటే గుంటనక్క. పోటీ సంబరాలు అయ్యేదాకా నక్కలకి కూడా అభయమిస్తారు, అది అక్కడి ఆచారం. తిండి దొరక్కపోయినా వేడుకైనా చూడనీ అని పెద్దలు పెట్టారు. అందరూ కుక్కని చూస్తుంటే గురవయ్య కుక్క ఎటు చూస్తోందో చూశాడు. చూసి, మూతి నాక్కున్నాడు.

చివరిది నిబ్బరం పరీక్ష. కుక్కలన్నీ బండ మీద వరసగా నిలబడాలి. చుట్టూ మేకలు తప్పెట్లు వాయిస్తాయి, వెనక నుంచి గాడిదలు ఓండ్రపెడతాయి. కదిలిన కుక్క దిగిపోవాలి. తప్పెట్లు మొదలయ్యాయో లేదో, ఒక నల్లకుక్క ఎగిరి దూకి బసవయ్య కాళ్ళ మధ్య దూరింది. ఇంకొకటి సిగ్గు విడిచి కుయ్యోమంది. గాడిదలు అందుకునేసరికి బండంతా ఖాళీ. కర్పూరం ఒక్కడే మిగిలాడు, చెక్కు చెదరకుండా.

"అబ్బ, ఏం గుండెరా వాడిది!"

"పిడుగు పడ్డా కదలడు చూడు!"

'నిజమే తల్లీ, కదలడు' అనుకుంది పాలవెల్లి లోపల. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. రెండూ మింగేసింది.

బసవయ్య కాసేపు నెమరేసి తీర్పు చెప్పాడు. "ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, ఇంత ధైర్యం చూళ్ళేదు. దండ కర్పూరానిదే."

జనం దండ తేవడానికి వెళ్ళినప్పుడు గురవయ్య తీరిగ్గా బండ వెనక్కి వచ్చాడు. కర్పూరం వీపు దగ్గర నిలబడి గొంతెత్తి దగ్గాడు. కర్పూరం చెవి కూడా ఆడలేదు.

"ఒరేయ్ తెల్లోడా, నీ వెనక నక్క ఉందిరా" అన్నాడు మామూలుగా, పక్కింటివాణ్ణి పలకరించినట్టు.

ఉలుకూ లేదు, పలుకూ లేదు. గురవయ్య వచ్చినంత తీరిగ్గానూ వెళ్ళిపోయాడు.

సంబరాలు ఇంకా అవలేదు గదా, మర్నాడు పొద్దున్నే పాలవెల్లి గడపలో దిగాడు.

"అక్కా! నీ కొడుకు నక్క తోక తొక్కాడంటున్నారు ఊరంతా. నా తోకైతే ఇదిగో, నలక్కుండానే ఉంది. అంతా వాడి గొప్పే."

"వచ్చిన పని చెప్పు గురవయ్యా."

"పెళ్ళి సంబంధాలక్కా! ప్రతి మందలోనూ ఒక ఆడకుక్క ఉంది. అన్నిటికీ కర్పూరమే మొగుడు కావాలట. మాట్లాడిపెట్టమని నన్ను పంపారు."

"నక్క పెళ్ళిళ్ళ పేరయ్య అయిందా? కాపలా గట్టిపడితే నీకేంటి లాభం?"

గురవయ్య నిట్టూర్చాడు. "ముసలాణ్ణయ్యానక్కా. కాపలా గట్టిగా ఉంటే ఆశ చస్తుంది, ఆశ చస్తే రేగిపళ్ళు తిని రామా కృష్ణా అనుకుంటాను. ఈ వయసులో నాకు పరుగులెందుకు చెప్పు?"

పాలవెల్లి కళ్ళ ముందు అన్న కనిపించాడు. పేరు పెట్టి అరిచినా తిరగని అన్న. వాడి పిల్లల్లోనూ కొందరికి అంతే. ఇప్పుడు కర్పూరం పిల్లలు మంద మందకీ కాపలా వెళ్తే?

"ఆలోచించుకోనీ" అంది.

"ఆలోచించు, తప్పేముంది? కాకపోతే నువ్వు వద్దన్నావనుకో, ఎందుకు వద్దందబ్బా అని నలుగురూ ఆలోచిస్తారు. నాకెందుకులే, నేనైతే ఆలోచించను."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది ఆవిడ పని. "వద్దని ఎవరన్నారు? మా ఇంటి తెలుపు నాలుగు మందల్లో ఉంటే నాకు మాత్రం సంతోషం కాదూ?" అనేసింది. మనసులో ఇంకో మాట అనుకుంది: 'పిల్లలందరికీ రావాలని ఏముంది? ఎవరికీ రాకపోవచ్చుగా!' అలా అనుకుంటే హాయిగా ఉంది. ఆశ ఎప్పుడూ మనకి కావాల్సిన మాటే చెప్తుంది, పాడు ఆశ.

గురవయ్య దండం పెట్టి వెళ్ళాక పాలవెల్లి నవ్వుకుంది కూడా. నక్కనే బోల్తా కొట్టించానని. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఆవిడకప్పుడు గుర్తు రాలేదు.

పెళ్ళిళ్ళు జరిగాయి. కొండమ్మ మందలో కాపలా ఉండే గోరింట కూడా ఆ కోడళ్ళలో ఒకతె. ఎర్రటి నాటుకుక్క, చురుకైంది, మనసులో ఏదీ దాచుకోని మనిషి. మనిషి అన్నానా? అంటే అన్నాన్లెండి, మంచివాళ్ళని చూస్తే నోటికలా వస్తుంది. గోరింటకి పిల్లలు పుట్టాయి. కొన్ని ఎర్రవి, కొన్ని తెల్లవి. అందరికంటే తెల్లటిదానికి మంచు అని పేరు పెట్టుకుంది.

మంచు అంటే గొర్రెపిల్లలకి ప్రాణం. దాని వీపెక్కి ఆడేవి, చెవులు పట్టుకు లాగేవి. దూరంగా గద్ద రెక్క కనపడితే చాలు, అందరికంటే ముందు మంచే లేచి నిలబడేది. కళ్ళు అంత చురుకు. కానీ గోరింటకి ఏదో తేడాగా ఉండేది.

ఒకరోజు అత్తగారొస్తే అడిగేసింది. "అత్తమ్మా, నా మంచు పిలిస్తే పలకదేం?"

"వాళ్ళ నాన్న పోలికమ్మాయ్. మితభాషి."

"మాట సరే. వెనక నుంచి పిలిస్తే తిరగదు కూడా. మిగతా పిల్లలు నా అడుగుల చప్పుడుకే లేస్తారు. ఇది నేను ముట్టుకుంటే గానీ లేవదు."

"మా ఇళ్ళల్లో పిల్లలు అంతే. తొణకరు."

గోరింట దగ్గరికొచ్చి అత్త కళ్ళలోకి చూసింది. "పోలికైతే సంతోషమే. ఇంకేదైనా ఉంటే మాత్రం చెప్పు అత్తమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటాను. రేపు కాపలాకి వెళ్ళాల్సిన పిల్ల. నేనేమీ అనుకోను. ఇప్పుడు చెప్తే చాలు."

పాలవెల్లి గొంతు దాకా వచ్చింది మాట. చెప్తే కర్పూరం దండ ఏమవుతుంది? అన్ని మందల కోడళ్ళూ ఏమంటారు? ఇన్నాళ్ళూ దారి వదిలినవాళ్ళు రేపు వదులుతారా?

"ఇంకేముంటుందమ్మా? ఏమీ లేదు" అంది.

ఆ ఒక్క మాట అనకుండా ఉంటే ఎంత బాగుండేది! ఇప్పటికీ ఈ కథ చెప్పేటప్పుడు అక్కడికొచ్చేసరికి నాకు ఒళ్ళు మండుతుంది.

అన్నాక పాలవెల్లి ఊరుకోలేకపోయింది, పాపం. ఎవరూ చూడనప్పుడు వచ్చి మంచుకి తోక సైగలు నేర్పేది. మంచు నాయనమ్మని చూస్తే చాలు, ఎగిరి గంతేసేది. మిట్ట మీద తన భాష తెలిసింది నాయనమ్మ ఒక్కతే కదా మరి.

మరుసటి ఏడు వానాకాలం వచ్చింది. కర్పూరం పిల్లలు ఎదిగి మందల కాపలాకి చేరాయి. ఒక మందలో గొర్రెపిల్ల ఒకటి మాయమైంది. ఇంకో మందలో ఇంకోటి. తప్పిపోయాయేమో అనుకున్నారు. అంత గొప్ప కుక్కలు కాపలా ఉండగా నక్క వస్తుందని ఎవరనుకుంటారు?

ఒక మిట్టమధ్యాహ్నం కొండమ్మ మంద దొడ్డిలో తుమ్మచెట్ల కింద పడుకుని ఉంది. గోరింట మిగతా పిల్లల్ని తీసుకుని పక్క మేత చూడ్డానికి వెళ్ళింది. మంచు దొడ్డి వాకిట్లో అడ్డంగా పడుకుంది. కునుకు పట్టింది. కాపలా కుక్కకి కునుకు తప్పు కాదు, చెవులు మేలుకునే ఉంటాయని అందరి ధీమా.

గురవయ్య గాలికి ఎదురుగా వచ్చాడు. వాసన కూడా మంచుకి అందలేదు. మంచు మూతికి బెత్తెడు దూరం నుంచి లోపలికి నడిచి వెళ్ళాడు. కొండమ్మ మనవరాలు చుక్కాయిని నోట కరుచుకుని అదే దారిన నడిచి బయటికొచ్చాడు. చుక్కాయి "మంచక్కా! మంచక్కా!" అని గొంతు చించుకుంది. మంద మందంతా లేచి గగ్గోలు పెట్టింది. మంచు మాత్రం నిద్రపోతూనే ఉంది. గొర్రెలు కాళ్ళతో తొక్కితే గానీ మెలకువ రాలేదు. లేచి బిత్తరపోయి చూసింది. చుట్టూ నోళ్ళు తెరిచిన మొహాలు. ఏం జరిగిందో దానికి తెలియలేదు.

కబురు విన్న పాలవెల్లి ముందు మందకి పోలేదు. వాగు గట్టుకి పోయింది. వాగు ఇంకా ఎండే ఉంది, అవతలి గట్టు మీద గురవయ్య కూర్చుని కాళ్ళు నాక్కుంటున్నాడు.

"నీకు తెలుసు కదూ?" అంది.

"పోటీ రోజే తెలిసిందక్కా. నీ తోక అంత అందంగా లేస్తుంటే చూడకుండా ఎలా ఉంటాను?"

"మోసగాడా! రేగిపళ్ళు తింటానన్నావు!"

"ఆ ఒక్కటీ అబద్ధమే, ఒప్పుకుంటాను. మరి నువ్వో? మితభాషి అన్నావు, హుందా అన్నావు, పోలిక అన్నావు. నేను ఎవరికైనా అబద్ధం చెప్పి పిల్లనిచ్చానా? నీ కొడుకుని నువ్వే పెట్టావు బరిలో. నేను సంబంధాలు మాట్లాడాను, నువ్వు సరేనన్నావు. చెవిటి కాపలాని మంద మందకీ పంచింది నువ్వక్కా. నేను చేసిందల్లా భోజనానికి రావడమే."

పాలవెల్లి వెనక్కి తిరిగింది. ఎవరిని తిట్టగలదు?

తిరిగొచ్చేసరికి బసవయ్య ముందు పంచాయితీ జరుగుతోంది. మంచు మధ్యలో నిలబడి ఉంది. కొండమ్మ ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుంది.

"నక్క అడుగులు దీని మూతి పక్కనే ఉన్నాయి తాతా! పోయేటప్పుడూ అక్కడే, వచ్చేటప్పుడూ అక్కడే. నా మనవరాలు పేరు పెట్టి పిలిచింది దీన్ని. అందరం విన్నాం. ఇది కదల్లేదు!"

"నక్కతో కుమ్మక్కయింది" అన్నాడొక పొట్టేలు.

బసవయ్య అడిగాడు. "ఏం మంచూ? నక్క నీకేమిస్తానంది?"

మంచు ఆయన మొహం చూసింది, కొండమ్మ మొహం చూసింది. అందరూ కోపంగా ఉన్నారని తెలుస్తోంది, ఎందుకో తెలియట్లేదు. చుక్కాయి కోసం మంద వైపు చూసింది. ఎక్కడా లేదు.

"చెప్పవేం? తప్పు లేకపోతే లేదని చెప్పు!"

"చెవిటివాడి ముందు శంఖమూదినట్టుంది తాతా, ఎంతడిగినా ఉలకదు పలకదు!" అంది కొండమ్మ.

పాలవెల్లి ఒక్కొక్కరి మొహమూ చూసింది. ఎవరికీ తట్టలేదు. అదొక సామెత, అంతే.

గోరింట అడ్డం పడింది. "నా బిడ్డ అలాంటిది కాదు! దానికి ఆ పిల్లలంటే ప్రాణం. మాట్లాడదు, అంతే. వాళ్ళింటి పోలికట, అత్తమ్మనడగండి!"

అందరూ పాలవెల్లి వైపు తిరిగారు. తిరుగుతూనే, అలవాటు కొద్దీ, దారి వదిలారు. ఆవిడ ముందుకి రావడానికి చక్కటి దారి. ఆ దారి చూసేసరికి ఆవిడ కాళ్ళు ఆగిపోయాయి. ఇన్నేళ్ళ మర్యాద అది. ఒక్క మాటతో పోతుంది.

"నేనేం చెప్పను?" అంది. "పెద్దలు ఎలా అంటే అలా."

బసవయ్య చాలాసేపు నెమరేశాడు. చివరికి తల దించుకుని అన్నాడు. "అయితే వెన్ను చూపండి."

ఎర్రమిట్టలో వెలివేతకి మాటలుండవు. ద్రోహం చేసినవాళ్ళని మధ్యలో నిలబెట్టి మందంతా అటు తిరిగి నిలబడుతుంది. చుట్టాలూ తిరగాలి. ముందు కొండమ్మ తిరిగింది, తర్వాత పొట్టేళ్ళు, తర్వాత తల్లి గొర్రెలు. నిన్నటిదాకా మంచు వీపు మీద ఆడుకున్న పిల్లల్ని తల్లులు మూతులతో నెట్టి తిప్పాయి. మంచు నాయనమ్మని చూసింది. ఏమైనా సైగ చేస్తుందేమోనని.

పాలవెల్లి కూడా తిరిగింది.

గోరింట ఒక్కతే తిరగలేదు. మంచు దగ్గరికి పరిగెత్తబోతే రెండు పొట్టేళ్ళు కొమ్ములు అడ్డం పెట్టాయి. మంచు ఆ వెన్నులన్నిటినీ చూసింది. ఇంకెవరికీ తను అక్కర్లేదని అర్థం చేసుకుంది. దానికి చెవులు లేవు గానీ తెలివి లేకపోలేదు కదా! తల వంచుకుని వాగు వైపు నడిచింది.

అది వాలు దిగి కాస్త దూరం పోయాక గోరింట ఒక ఏడుపు ఏడ్చింది. మాటల్లేని ఏడుపు. దాంతో పాలవెల్లి లోపల ఏదో తెగిపోయింది.

"ఆగండి!" అని అరిచింది. "దానికి వినపడదు! పుట్టు చెవుడు దానికి. చుక్కాయి పిలుపు అది వినలేదు. కర్పూరానికీ వినపడదు. మా ఇంట్లో చాలామందికి అంతే. నాకు తెలుసు, మొదటి నుంచీ తెలుసు. నేనే దాచాను!"

మంద మందంతా ఇటు తిరిగింది. కొండమ్మే ముందు గొంతెత్తింది, ఆ పోయిన గొంతుతోనే. "మంచూ! అమ్మా మంచూ! వెనక్కి రా తల్లీ!"

"మంచూ! ఆగవే!" అని అందరూ అరిచారు. పొట్టేళ్ళు అరిచాయి, పిల్లలు అరిచాయి, బసవయ్య రంకె వేశాడు. అంతమంది కలిసి ఒక కుక్కని అంత ప్రేమగా పిలవడం ఎర్రమిట్టలో ఎన్నడూ లేదు. వినపడదని ఇప్పుడే విన్నారు, అయినా పిలుస్తూనే ఉన్నారు. ఇంకేం చెయ్యాలో తెలియదు వాళ్ళకి.

మంచు వాగులోకి దిగి ఇసకలో నడుస్తోంది. గోరింట పొట్టేళ్ళని తోసుకుని పరిగెత్తింది. అప్పుడే పైనుంచి హోరు వినిపించింది. కొండల్లో ఎక్కడో వాన పడి వాగొస్తోంది. మంచు కాళ్ళ కింద ఇసక అదిరినట్టుంది, ఒక్క దూకు దూకి అవతలి గట్టెక్కింది. ఎర్రటి నీళ్ళు గట్టు నుంచి గట్టు దాకా వచ్చి పడ్డాయి. గోరింట దూకబోతే బసవయ్య అడ్డం నిలబడ్డాడు.

"తిరిగి చూడవే తల్లీ, ఒక్కసారి చూడు!" అని గోరింట ఏడ్చింది.

చూస్తే చాలు. మందంతా తన వైపు మొహం పెట్టి నిలబడి ఉండడం కనపడేది. కానీ ఎందుకు చూస్తుంది? వెనక్కి చూస్తే వెన్నులే కదా కనపడేది అనుకుని ఉంటుంది. చిట్టడవిలోకి నడిచి వెళ్ళిపోయింది.

నీళ్ళు తగ్గాక కుక్కలన్నీ వెళ్ళి అడవంతా గాలించాయి. అరవలేదు, కళ్ళతోనే వెతికాయి. మంచు కనపడలేదు.

తర్వాత జరగాల్సినవి జరిగాయి. బసవయ్య పోటీలో నిబ్బరం పరీక్ష తీసేశాడు. "కదలకపోతే ధైర్యమనుకున్నాను. తప్పు నాదీ ఉంది" అన్నాడు. పాలవెల్లి మంద మందకీ వెళ్ళి తన నోటితోనే చెప్పింది. కొందరు తిట్టారు, కొందరు మొహం మీదే తడిక వేసుకున్నారు. ఆవిడకి ఇప్పుడు ఎవరూ దారి వదలరు. కర్పూరానికి ఇక సంబంధాలు చూడలేదు. పాపం, వాడికేమీ తెలియదు. దండ ఎందుకు వేశారో తెలియదు, జనం రావడం ఎందుకు మానేశారో తెలియదు. ఎప్పుడైనా మంచు పడుకునే చోటికొచ్చి వాసన చూసి, అమ్మ మొహంలోకి చూసేవాడు. తోకతో చెప్పగలిగిన మాటా అది?

వినపడని పిల్లలు ప్రతి మందలోనూ కొందరు తేలారు. వాళ్ళనేం చేయాలని పెద్దలు తలలు పట్టుకుంటే గోరింట ఒక ఏర్పాటు చెప్పింది. వినపడనిదాని పక్కన వినపడేదాన్ని పడుకోబెట్టండి, ఒకటి కళ్ళతో కాస్తే ఒకటి చెవులతో కాస్తుంది అంది. అంతే! అంత తేలిక! ఆ రోజు నుంచి గురవయ్యకి ఒక్క గొర్రెపిల్ల దక్కితే ఒట్టు.

ఆ జంటల్ని పాలవెల్లి దూరం నుంచే చూసేది. ఒకనాడు కోడలి దగ్గరికొచ్చి కూర్చుంది.

"ఇంత చిన్న ఏర్పాటుతో పోయేదని నాకు తెలియలేదమ్మాయ్" అంది.

గోరింట కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. "నువ్వు చెప్పి ఉంటే నాకు తెలిసేది అత్తమ్మా" అని, లేచి పిల్లల దగ్గరికి వెళ్ళిపోయింది.

నక్క మోసపోలేదు, మంద మోసపోయింది, అందరికంటే ఎక్కువ మోసపోయింది మోసం చేశాననుకున్న పాలవెల్లి. కథ ఇంతే, నేర్చుకోవాల్సిందీ ఒక్క మాటే:

పరువు కోసం నువ్వు దాచిన లోపం నిన్ను వదిలేసి నీ పిల్లల్ని పట్టుకుంటుంది.